కారుకు మంచి ఆయిల్ ఫిల్టర్: డబ్బా మీది పేరు కాక, లోపల ఏం చూడాలి?

నెమ్మదిబండి (ప్రశ్న)

నమస్కారమండీ. నా పెట్రోల్ కారుకు ఎనిమిదేళ్లు నిండాయి, ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. వారంటీ ఎప్పుడో ముగిసింది కాబట్టి గత రెండు సర్వీసులకూ ఆయిలూ ఫిల్టరూ నేనే కొని తెచ్చి, తెలిసిన మెకానిక్ చేత వేయించుకున్నాను. ఆయిల్ విషయంలో నాకు సందేహాల్లేవు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉందో అదే వాడుతున్నాను. చిక్కంతా ఫిల్టర్ దగ్గరే. కారు మోడల్ చెప్పి అడిగితే నాలుగైదు కంపెనీల ఫిల్టర్లు తెచ్చి ముందు పెడుతున్నారు. పక్కపక్కన నిలబెడితే అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి: గుప్పిట్లో పట్టేంత డబ్బా, అడుగున ఒక రబ్బరు రింగు, మధ్యలో త్రెడ్ ఉన్న రంధ్రం, దాని చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. ఖరీదులో మాత్రం ఒకదానికీ మరొకదానికీ రెండు మూడింతల తేడా కనిపిస్తోంది.

పోయిన సర్వీసులో వాటిలోకెల్లా చవకైనది వేయించాను. అప్పటి నుంచి, రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయం స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్ల పాటు ఇంజిన్ పైభాగంలోంచి టకటకమని శబ్దం వస్తోంది. ఆయిల్ దీపం కూడా మునుపటికంటే ఒక క్షణం ఆలస్యంగా ఆరుతోంది. పగటిపూట గంటో రెండు గంటలో ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ శబ్దం ఉండదు. ఇది ఫిల్టర్ వల్ల వచ్చిందా, బండి వయసు వల్ల వచ్చిందా అన్నది నా మొదటి ప్రశ్న.

రెండోది, ఒక పెట్టె మీద 20 మైక్రాన్లు అనీ, ఇంకొక పెట్టె మీద 99 శాతం వడపోత అనీ రాసి ఉంది. ఈ రెండింటిలో ఏది మెరుగైనదో ఎలా పోల్చుకోవాలి? ఎంత సన్నటి జల్లెడైతే ఇంజిన్‌కు అంత మంచిదనుకోవచ్చా? మూడోది, మా మెకానిక్ అదే త్రెడ్ ఉన్న కాస్త పొడుగు ఫిల్టర్ వేద్దామంటున్నారు. నూనె ఎక్కువ పడుతుంది, మురికి ఎక్కువ పట్టుకుంటుంది అని ఆయన వాదన. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాత పానా

నెమ్మదిబండి గారూ, మీరు శబ్దం ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో రెండూ రాశారు కాబట్టి సగం పని మీరే చేసిపెట్టారు. రాత్రంతా ఆగితే శబ్దం రావడం, గంట ఆగితే రాకపోవడం అన్నది ఫిల్టర్‌లోని నూనె నెమ్మదిగా కిందికి జారిపోతోందని చెప్పే లక్షణం. అయినా ఫిల్టర్ మీద నేరం మోపే ముందు చదునైన చోట బండి ఆపి డిప్‌స్టిక్ తీసి నూనె మట్టం చూడండి. మట్టం తగ్గినా ఇదే శబ్దం వస్తుంది, టైమింగ్ చెయిన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ అరిగినా వస్తుంది. మట్టం సరిగ్గా ఉండి, శబ్దం ఫిల్టర్ మార్చిన మర్నాటి నుంచే మొదలైందంటే నా అనుమానం నేరుగా ఫిల్టర్ లోపలి యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వ్ మీదికే పోతుంది.

పేరు పెద్దది గానీ అది ఒక రబ్బరు పొర మాత్రమే. మీరు చెప్పిన ఆ చిన్న రంధ్రాల గుండా పంపు నుంచి నూనె ఫిల్టర్‌లోకి వస్తుంది, కాగితం మడతలను బయటి వైపు నుంచి లోపలికి దాటుతుంది, మధ్య రంధ్రం గుండా ఇంజిన్‌లోకి వెళుతుంది. ఆ చిన్న రంధ్రాలను లోపలి వైపు నుంచి కప్పి ఉంచేదే ఈ పొర. ఇంజిన్ నడుస్తున్నప్పుడు నూనె ఒత్తిడికి అది పైకి లేచి దారి ఇస్తుంది, ఇంజిన్ ఆగగానే రంధ్రాలకు అతుక్కుని, డబ్బాలోని నూనె వచ్చిన దారినే సంపులోకి, అంటే ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టిలోకి, పోకుండా ఆపుతుంది. పొర గట్టిపడినా, అంచు సరిగ్గా కూర్చోకపోయినా రాత్రికి డబ్బా ఖాళీ అవుతుంది. ఉదయం పంపు ముందుగా ఆ డబ్బాను నింపాలి, ఆ తరువాతే పైనున్న క్యామ్ షాఫ్ట్‌కూ ట్యాపెట్లకూ నూనె అందుతుంది. మీరు విన్న టకటక ఆ రెండు సెకన్లది. ఇంజిన్ అరుగుదలలో చల్లటి స్టార్టుల వాటా చిన్నది కాదు కాబట్టి దీన్ని తేలికగా తీసుకోవద్దు.

చవక ఫిల్టర్లలో ఈ పొరను ఎక్కువగా నైట్రైల్ రబ్బరుతో చేస్తారు, కాస్త ఖరీదైనవాటిలో సిలికోన్‌తో చేస్తారు. నైట్రైల్ చెడ్డదని కాదు, కొత్తలో బాగానే పని చేస్తుంది. కానీ 100 డిగ్రీల చుట్టుపక్కల వేడి నూనెలో నెలల తరబడి నానితే బిరుసెక్కుతుంది. సిలికోన్ వేడికీ చలికీ మెత్తగానే ఉంటుంది. రంధ్రాల్లోంచి చూస్తే నారింజ రంగో ఎరుపో కనబడితే సిలికోన్ అనీ, నలుపు కనబడితే నైట్రైల్ అనీ చాలామంది చెబుతారు. సాధారణంగా నిజమే గానీ రంగు ఎవరైనా వేయవచ్చు కాబట్టి దాన్ని రుజువుగా పట్టుకోవద్దు. ఇంకొక సంగతి, మీ ఇంజిన్‌లో ఫిల్టర్ ఏ వైపుకు ఉందో గమనించండి. త్రెడ్ రంధ్రం పైకి ఉండి డబ్బా కిందికి వేలాడేలా అమర్చి ఉంటే ఈ వాల్వ్ బలహీనమైనా డబ్బాలో నూనె నిలిచే ఉంటుంది. అడ్డంగా గానీ తలకిందులుగా గానీ అమర్చి ఉంటే మాత్రం భారమంతా ఆ పొర మీదే పడుతుంది. మీ శబ్దాన్ని బట్టి మీది అడ్డంగా ఉందనుకుంటున్నాను.

ఇక ఎంపిక సంగతి. నేను ఏ ఫిల్టర్ చేతికి వచ్చినా ముందు పార్ట్ నంబర్ చూస్తాను, కంపెనీ పేరు తరువాత చూస్తాను. కారు తయారీదారు ఇచ్చిన అసలు పార్ట్ నంబరును ఫిల్టర్ కంపెనీ తన జాబితాలో దేనికి సమానమని చూపిస్తుందో అదే తీసుకోవాలి. "త్రెడ్ పట్టింది, రింగు సరిపోయింది" అన్నది సరైన ఫిల్టర్ అనడానికి చాలదు. 20 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.5 మిల్లీమీటర్ల దూరం (పిచ్) ఉన్న మెట్రిక్ త్రెడ్ ఒకటుంది, ముప్పావు అంగుళం వ్యాసంలో అంగుళానికి 16 చుట్లున్న త్రెడ్ ఇంకొకటుంది. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. కాబట్టి మెట్రిక్ ఫిల్టర్ ఆ అంగుళాల స్టడ్ మీదికి వదులుగానే ఎక్కుతుంది, చేతికి బిగిసినట్టే అనిపిస్తుంది, నడిరోడ్డు మీద ఒత్తిడి పెరిగినప్పుడు జారుతుంది. ఫిల్టర్ ఊడితే సంపులోని నూనె బయటికి పోవడానికి నిమిషం కూడా పట్టదు. ఎక్కించేటప్పుడు ఫిల్టర్ అటూ ఇటూ ఊగుతోందంటే అక్కడే ఆపేయండి.

జల్లెడ

పైన పాత పానా గారు చెప్పినదాంతో ఏకీభవిస్తూ, మైక్రాన్ల ప్రశ్నకు నేను జవాబిస్తాను. వడపోత పరీక్షలతో కొన్నేళ్లు పని చేశాను కాబట్టి పెట్టెల మీది ఈ అంకెలు చూస్తే నాకు కాస్త విసుగు, కాస్త నవ్వు వస్తాయి.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి ఆనాలంటే రేణువు సుమారు 40 మైక్రాన్లైనా ఉండాలి. క్రాంక్ షాఫ్ట్‌కూ దాని బేరింగుకూ మధ్య ఖాళీ 25 నుంచి 50 మైక్రాన్ల మేర ఉంటుంది గానీ, బరువు పడిన చోట నూనె పొర కొన్ని మైక్రాన్లకే పలచబడుతుంది. దీన్నిబట్టి ఇంజిన్‌ను అరగదీసే రేణువులు మనం వేళ్ల మధ్య రుద్ది చూడగలిగినవి కావని అర్థం చేసుకోవచ్చు. పొర మందానికి దగ్గరగా ఉండి, ఖాళీలోకి దూరి, రెండు లోహాలనూ ఒకేసారి గీకగలిగిన సైజువే అసలైన శత్రువులు.

ఇప్పుడు పెట్టె మీది రాతకు వద్దాం. "20 మైక్రాన్లు" అని ఊరికే రాస్తే దానికి అర్థమే లేదు. 20 మైక్రాన్ల రేణువుల్లో సగం పట్టుకున్నా అలా రాయవచ్చు, నూటికి తొంభై తొమ్మిది పట్టుకున్నా అలాగే రాయవచ్చు. "99 శాతం" అన్నదీ అంతే: ఏ సైజు రేణువుల్లో 99 శాతమో చెప్పకపోతే అది 40 మైక్రాన్ల గురించీ కావచ్చు. సైజూ శాతమూ పక్కపక్కన ఉంటేనే ఆ మాట పోల్చడానికి పనికొస్తుంది. వాటితో పాటు ఏ పద్ధతిలో పరీక్షించారో కూడా రాసి ఉంటే ఇంకా మంచిది. ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్లకు ఐఎస్ఓ 4548-12 అనే ప్రామాణిక పరీక్ష ఉంది. నూనెను గుండ్రంగా తిప్పుతూ, తెలిసిన పరిమాణాల ధూళిని అందులో కలుపుతూ, ఫిల్టర్‌కు ముందూ వెనుకా రేణువులను యంత్రంతో లెక్కిస్తారు. ఫిల్టర్ నిండి ఒత్తిడి తేడా నిర్ణీత స్థాయికి చేరేదాకా ఇది సాగుతుంది. దీనివల్ల వడపోత సామర్థ్యం ఒక్కటే కాక, మూసుకుపోయే లోపు ఎన్ని గ్రాముల మురికిని మోయగలదో కూడా తెలుస్తుంది. ఆ రెండో అంకెను పెట్టె మీద వేసేవారు తక్కువ. దీర్ఘకాలం వాడేవారికి నిజానికి అదే ఎక్కువ అవసరం.

కొందరు బీటా అనే నిష్పత్తిలో రాస్తారు. అది కష్టమైనదేమీ కాదు. 20 మైక్రాన్లకు బీటా 75 అంటే, ఆ సైజుకు మించిన రేణువులు 75 వస్తే ఒక్కటి దాటిపోయిందని అర్థం, అంటే 98.7 శాతం ఆగిపోయాయి. బీటా 2 అయితే సగం దాటిపోయాయి. బీటా 20 అయితే 95 శాతం. ఒక తమాషా చూడండి: 95 శాతం, 99 శాతం వినడానికి దగ్గరదగ్గరగా ఉన్నాయి, కానీ మొదటిది వందకు ఐదు రేణువులను వదిలితే రెండోది ఒక్కదాన్ని వదులుతోంది. దాటిపోయిన వాటి వైపు నుంచి లెక్కిస్తే తేడా ఐదింతలు.

మరి సన్నటి జల్లెడ వేస్తే పోలేదా అన్న మీ ప్రశ్నకు నా జవాబు, వేరే ఏమీ మార్చకుండా కాగితాన్ని మాత్రమే సన్నం చేస్తే అది మంచి కంటే చెడే ఎక్కువ చేస్తుంది. ఇంజిన్‌లోకి వెళ్లే నూనె మొత్తం ఈ ఒక్క ఫిల్టర్ గుండానే వెళ్లాలి. నడుస్తున్న ఇంజిన్‌లో సంపులోని నూనె అంతా నిమిషానికి చాలాసార్లు దీన్ని దాటుతుంది. అంత ప్రవాహానికి దారి సరిపోకపోతే ఫిల్టర్‌కు ముందూ వెనుకా ఒత్తిడి తేడా పెరుగుతుంది, పెరిగితే బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, తెరుచుకుంటే వడకట్టని నూనె నేరుగా బేరింగుల మీదికి పోతుంది. అంటే సన్నటి జల్లెడ కొన్నవారు ఆ కొంత సేపు జల్లెడే లేకుండా బండి నడిపినట్టు లెక్క.

బైపాస్ వాల్వ్ అనేది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. చల్లటి ఉదయం నూనె చిక్కగా ఉన్నప్పుడు గానీ, ఫిల్టర్ నిండిపోయినప్పుడు గానీ, బేరింగులకు అసలు నూనే అందకుండా పోవడం కంటే మురికి నూనె అందడమే మేలన్న ఆలోచనతో దాన్ని పెట్టారు. కార్ల ఫిల్టర్లలో అది సుమారు 8 నుంచి 22 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ఒత్తిడి కొలత) తేడాకు తెరుచుకునేలా ఉంటుంది, ఇంజిన్‌ను బట్టి అంకె మారుతుంది. ఇక్కడ చాలామంది పొరబడుతుంటారు: ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ 60 పీఎస్ఐ ఉంటే 15కే తెరుచుకునే వాల్వ్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా అని అడుగుతారు. 60 అన్నది నూనె మొత్తం ఒత్తిడి. వాల్వ్ చూసేది ఫిల్టర్‌కు ఇటూ అటూ ఉన్న తేడాను మాత్రమే. ముందు 60 ఉండి వెనుక 57 ఉంటే తేడా 3, వాల్వ్ కదలదు.

అందుకే ఒకే డబ్బా, ఒకే త్రెడ్, ఒకే రింగు ఉన్న రెండు ఫిల్టర్లు రెండు వేర్వేరు ఇంజిన్లవి కావచ్చు. కొన్ని ఇంజిన్లలో బైపాస్ వాల్వ్ ఇంజిన్ బ్లాకులోనే ఉంటుంది, వాటి ఫిల్టర్లలో అసలు ఆ వాల్వే ఉండదు. అలాంటి ఫిల్టర్ తెచ్చి, బ్లాకులో వాల్వ్ లేని ఇంజిన్‌కు బిగిస్తే, అది మూసుకుపోయిన రోజున కాగితం చినిగి ముక్కలు లోపలికి పోవచ్చు, లేదా నూనె అందక ఇంజిన్ పట్టేయవచ్చు. మీ మెకానిక్ గారు చెప్పిన పొడుగు ఫిల్టర్‌కు నా అభ్యంతరం పొడుగు మీద కాదు. ఎక్కువ కాగితం ఉండడం మంచిదే. కానీ బైపాస్ ఒత్తిడి, రింగు వ్యాసం, త్రెడ్ మూడూ మీ అసలు ఫిల్టర్‌తో సరితూగాలి, డబ్బా ఎగ్జాస్ట్ పైపుకు తగలకూడదు, బండి అడుగున నేలకు మరీ దగ్గర కాకూడదు. ఇన్ని సరిచూసుకుని మీరు పొందేది చిన్నపాటి లాభం. నేనైతే ఆ శ్రమ పడను.

కాగితం రకం గురించి రెండు మాటలు. మామూలు ఫిల్టర్లలో చెట్టు పీచుతో చేసిన సెల్యులోజ్ కాగితం ఉంటుంది. దాని పోగులు ఒకటి లావు, ఒకటి సన్నం, రంధ్రాలూ అలాగే హెచ్చుతగ్గులుగా ఉంటాయి. సింథటిక్ రకంలో గాజు పోగుల వంటి సన్నటి, ఒకే తీరు పోగులు వాడతారు కాబట్టి, అంతే ప్రవాహానికి దారి ఇస్తూనే ఇంకా చిన్న రేణువులను పట్టుకోగలుగుతుంది, మందంలో ఎక్కువ మురికిని దాచుకోగలుగుతుంది. రెండూ కలిపిన మధ్యరకమూ ఉంది. పుస్తకంలో రాసిన గడువుకు, ఉదాహరణకు 10,000 కిలోమీటర్లకు, నూనె మార్చేవారికి మంచి సెల్యులోజ్ ఫిల్టర్ చాలు. గడువు ఎక్కువగా ఉన్న సింథటిక్ ఆయిల్ వాడేవారు ఫిల్టర్ కూడా అంత కాలం నిలిచేదే తీసుకోవాలి. ఖరీదైన నూనె పోసి బలహీనమైన ఫిల్టర్ పెట్టడం పట్టు చీరకు గోనెసంచి అంచు వేసినట్టు ఉంటుంది.

రోజూ నూరు కిలోమీటర్లు

క్షమించాలి, నేను కొంచెం ఎదురు మాట చెబుతాను. పదేళ్లుగా చేతికి దొరికిన చవక ఫిల్టరే వేస్తున్నాను. ఇంజిన్ ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. నూనెను మాత్రం గడువు దాటనివ్వను. ఈ బీటాలూ సిలికోన్లూ అమ్మేవారి మాటలేమో అనిపిస్తోంది. నూనె తీసినప్పుడు నల్లగా ఉంటుంది, ఖరీదైన ఫిల్టర్ వేసిన మా అన్నయ్య బండిలోదీ అంతే నల్లగా ఉంటుంది. మరి ఆ ఫిల్టర్ ఏం వడకట్టినట్టు?

జల్లెడ

మీ మాటలో సగం నేను ఒప్పుకుంటాను. గడువుకు నూనె మార్చే మనిషి ఇంజిన్ మామూలు ఫిల్టర్‌తోనూ బాగానే ఉంటుంది. అదే మనిషి గడువు దాటేస్తే ఎంత గొప్ప ఫిల్టరైనా కాపాడలేదు. కానీ నలుపును కొలతగా తీసుకోవద్దు. నూనెను నల్లబరిచేది మసి. దాని రేణువులు మైక్రాను కంటే చిన్నవి. మామూలు ఆయిల్ ఫిల్టర్లు వాటిని ఆపవు, వాటిని విడివిడిగా తేలుతూ ఉంచడం నూనెలో కలిపిన డిటర్జెంట్, డిస్పర్సెంట్ రసాయనాల పని. డీజిల్ బండిలో కొత్త నూనె పోసిన కొన్ని రోజులకే నల్లబడేది అందుకే. ఫిల్టర్ పట్టుకునేది లోహపు పొడి, గాలితో వచ్చిన ఇసుక రేణువులు, గట్టిపడిన కార్బన్ ముక్కలు, గ్యాస్కెట్ తునకలు. అవి నూనె రంగులో కనబడవు.

పాత పానా

నూరు కిలోమీటర్ల గారూ, మీరు తీసేసిన పాత ఫిల్టర్‌ను ఒక్కసారి కోసి చూడండి, అమ్మేవారి మాటో కాదో మీకే తెలుస్తుంది. రంపంతో మాత్రం కోయవద్దు. రంపపు పొడి లోపల పడి, అది ఇంజిన్‌లోంచి వచ్చిందని మీరు కంగారు పడతారు. పైపులు కోసే చక్రం కట్టర్ లాంటిదే ఫిల్టర్లకూ ఉంటుంది. దాన్ని అడుగు పళ్లెం అంచుకు కొంచెం పైన బిగించి చుట్టూ తిప్పుతూ పోతే డబ్బా మూతలా ఊడి వస్తుంది. రాత్రంతా బోర్లించి నూనె కారనిచ్చాక కోస్తే చేతులు తక్కువ పాడవుతాయి.

నేను కోసినప్పుడు చూసే వరుస ఇది. మొదట రబ్బరు పొరను వేలితో మడుస్తాను: వదలగానే తిరిగి లేవాలి. మడత పడిన చోటే ఆగిపోతే దాని పని అయిపోయినట్టే. తరువాత కాగితం మడతలు. అవి పుస్తకం పుటల్లా సమానంగా నిలబడి ఉండాలి. కొన్నిచోట్ల మూడు నాలుగు మడతలు ఒకదానికొకటి అంటుకుపోయి, పక్కన వేలు పట్టేంత ఖాళీ ఉండడం నాసిరకం ఫిల్టర్లలో చాలాసార్లు చూశాను. అంటుకున్న మడతలు వడకట్టవు, ఉన్న కాగితంలో ఆ మేరకు తగ్గినట్టే. మడతల రెండు చివర్లూ కలిసే అతుకు దగ్గర నెమ్మదిగా లాగి చూస్తాను. అతుకు విడితే నూనె అక్కడి నుంచే తప్పించుకుని పోతోందని అర్థం. మడతల కిందా పైనా ఉండే మూతలు ఇనుపవైనా, గట్టి అట్టవైనా నాకు పట్టింపు లేదు. అట్ట మూత అనగానే ముఖం చిట్లించేవారున్నారు గానీ, అంటించిన జిగురు పట్టు విడవకపోతే అట్ట బాగానే పని చేస్తుంది.

చివరిగా కాగితాన్ని కత్తితో కోసి, తెల్లటి గుడ్డ మీద పరిచి, మడతలు విప్పి ఎండలో చూస్తాను. సన్నటి నల్లటి పేస్టు మామూలే. మెరిసే తునకలుంటే వాటి మీద అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే అది ఇనుము, అంటే చెయినో, క్యామో, పిస్టన్ రింగులో అయి ఉండాలి. అంటుకోకుండా తెల్లగానో రాగి రంగులోనో మెరిస్తే బేరింగు పొరలు కావచ్చు, పిస్టన్ అల్యూమినియం కావచ్చు. అప్పుడు ఫిల్టర్ గురించి చర్చ ఆపి ఇంజిన్ విప్పే మనిషిని పిలవాలి.

కొత్త ఫిల్టర్‌ను కోయకుండానే చూడగలిగినవీ కొన్ని ఉన్నాయి. మధ్య రంధ్రంలోకి టార్చి వేస్తే లోపలి గొట్టం కనిపిస్తుంది. కొన్నింట్లో దానికి గుండ్రటి రంధ్రాలుంటాయి, కొన్నింట్లో రేకును చీల్చి పైకి లేపిన చీలికలుంటాయి. ఆ చీలికలు సరిగ్గా తెరుచుకోకుండా గీతల్లా మూసుకుని ఉంటే ఆ ఫిల్టర్ తిరిగి ఇచ్చేయండి. త్రెడ్‌లో రేకు పొడి, పెయింటు తుంపర ఉండకూడదు. రింగు తన గాడిలో తిరక్కుండా కూర్చోవాలి. నకిలీలు తయారయ్యేది బాగా అమ్ముడయ్యే పేర్ల మీదే కాబట్టి పెద్ద పేరు చూసి నిశ్చింతగా ఉండడానికీ వీల్లేదు. పెట్టె మీది బ్యాచ్ నంబరు, డబ్బా మీది నంబరు కలుస్తున్నాయో లేదో చూడండి, అచ్చు అక్షరాలు మసకగా ఉన్నాయేమో చూడండి, వీలైతే పాత అసలైనదాన్ని పక్కన పెట్టి రెండింటినీ చేతిలో తూచండి.

బిగించడం గురించి కూడా చెప్పాలి, మంచి ఫిల్టర్ కొని చెడగొట్టుకునేది అక్కడే. పాతది విప్పాక దాని రబ్బరు రింగు దానితోపాటే వచ్చిందో లేదో తప్పనిసరిగా చూడాలి. పని నేర్చుకునే రోజుల్లో నేను ఇది చూడలేదు. పాత రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించాను. ఖాళీగా నడిపినంత సేపూ చుక్క కారలేదు. యాక్సిలరేటర్ తొక్కగానే రెండు రింగులూ ఒకదాని మీద ఒకటి జారి, నూనె పిచికారీలా నేలంతా కొట్టింది. మూడు లీటర్లు తుడిచాక ఆ పాఠం ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి కూర్చునే చోటు గుడ్డతో తుడిచి వేలితో తడిమి చూడండి, కొత్త రింగుకు కొత్త నూనె రాయండి, చేత్తోనే తిప్పండి. రింగు తాకిన దగ్గర నుంచి సాధారణంగా ముప్పావు చుట్టు చాలు. డబ్బా మీద వేరే లెక్క రాసి ఉంటే అదే పాటించాలి. పానా విప్పడానికే గానీ బిగించడానికి కాదు. తరువాత ఇంజిన్ స్టార్ట్ చేసి, దీపం కొన్ని సెకన్లలో ఆరిందో లేదో చూసి, ఖాళీగా ఒక నిమిషం నడవనిచ్చి, కిందికి వంగి కారుతోందేమో చూసి, ఆపి, మట్టం మళ్లీ చూడాలి.

ప్రతి నూనె మార్పుకూ ఫిల్టర్ మార్చాలా అని ఎవరో అడగబోతారు కాబట్టి ముందే రాస్తున్నాను: మార్చాలి. పాత డబ్బాలో పావు లీటరు దాకా పాత నూనె ఉంటుంది, దాన్ని అలాగే వదిలేసి కొత్త నూనె పోయడంలో ఆదా ఏమీ లేదు.

కొత్త చేయి

నా కారులో డబ్బా లేదండీ. ప్లాస్టిక్ మూత విప్పితే లోపల కాగితం చుట్ట మాత్రమే ఉంటుంది. ఇక్కడ చెప్పిన వాల్వుల సంగతి నాకు వర్తిస్తుందా?

పాత పానా

వర్తిస్తుంది గానీ వాల్వులు మీరు కొనే ఫిల్టర్‌లో ఉండవు. చాలా ఇంజిన్లలో ఆ గూడులోనో మూతలోనో శాశ్వతంగా ఉంటాయి. కాబట్టి మీరు చూడాల్సినవి కాగితం నాణ్యత, చుట్ట ఎత్తు, చివరి మూతల అమరిక. ఎత్తు రెండు మిల్లీమీటర్లు తగ్గినా చుట్ట గట్టిగా కూర్చోదు, నూనె దాని పక్క నుంచి దాటిపోతుంది. పెట్టెలో వచ్చే ఓ-రింగులన్నీ మార్చండి. పెద్దదాన్ని అందరూ మారుస్తారు, మూత మధ్య కాడకు ఉండే చిన్నదాన్ని మరిచిపోతారు. మూతను ఎంత బలంతో బిగించాలో చాలాసార్లు దాని మీదే అచ్చు వేసి ఉంటుంది, 25 న్యూటన్ మీటర్లన్నది తరచుగా కనిపించే అంకె. ప్లాస్టిక్ కాబట్టి టార్క్ రెంచ్ లేకుండా బలం చూపించవద్దు, పగుళ్లు వస్తాయి.

నెమ్మదిబండి

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. మొదట డిప్‌స్టిక్ చూశాను, మట్టం రెండు గుర్తుల మధ్య పైవైపునే ఉంది. తరువాత బండి కిందికి దూరి చూస్తే పాత పానా గారు ఊహించినట్టే ఫిల్టర్ అడ్డంగా అమర్చి ఉంది. అసలు పార్ట్ నంబర్ పుస్తకంలోంచి రాసుకుని, దానికి సమానమని కంపెనీ జాబితాలో ఉన్న ఫిల్టర్, సిలికోన్ వాల్వ్ ఉన్నది, తెప్పించాను. నూనె వేసి నాలుగు వేల కిలోమీటర్లే అయింది కాబట్టి ఫిల్టర్ ఒక్కటే మార్పించి, తగ్గినంత నూనె అదే గ్రేడుది పోయించాను. పొడుగు ఫిల్టర్ సంగతి చెబితే మెకానిక్ గారు జల్లెడ గారి జవాబు నా ఫోన్‌లో చదివి, "బైపాస్ అంకె నాకూ తెలియదు, వద్దులెండి" అన్నారు.

తీసిన ఫిల్టర్‌ను కట్టర్‌తో కోయించాను. రబ్బరు పొరను వేలితో మడిస్తే మడత అలాగే ఉండిపోయింది. అంచులో ఒకచోట గోరంత మేర పైకి వంగి ఉంది. కాగితం మడతల్లో ఒకవైపు ఐదు కలిసి అట్టలా అంటుకున్నాయి. గుడ్డ మీద పరిచి చూస్తే నల్లటి పేస్టు తప్ప మెరిసేది ఏమీ కనబడలేదు, అయస్కాంతానికీ ఏమీ అంటలేదు, అదొక ఊరట.

ఉదయం స్టార్ట్ చేస్తే టకటక పూర్తిగా పోయిందని చెప్పలేను. ఒక్క సెకను లోపు ఏదో చిన్న చప్పుడు ఉండి ఆగిపోతోంది. దీపం మాత్రం మునుపటిలా వెంటనే ఆరుతోంది. ఆ మిగిలిన చప్పుడు చెయిన్ టెన్షనర్‌దేమో వచ్చే సర్వీసులో చూపించుకుంటాను.

పాత పానా

టెన్షనర్ చూపించేటప్పుడు, బండిని ముందు రోజు సాయంత్రమే అక్కడ వదిలి, ఉదయం మొదటి స్టార్టు మెకానిక్ చేతే చేయించండి. మీరు నడుపుకుంటూ వెళితే ఇంజిన్ వేడెక్కి ఉంటుంది, ఆయనకు చప్పుడే వినబడదు.